బావ మాటకు నా అనుమతి

మా బావ నోటి నుంచి మాట రావాలంటే నా బొటనవేలు కదలాలి. ఈ సంగతి గొప్పగా చెప్పుకుని తిరిగిన రోజులున్నాయి నాకు. ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

బావ పేరు తాతాజీ. రావులపాలెం బస్టాండులో ముప్ఫై ఏళ్లు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో చెప్పిన మనిషి. చెప్పమన్నది చెప్పి ఊరుకునే రకం కాదు. "అరటిపళ్ల బండి కాడ బేరమాడతన్న పెద్దమ్మా, నీ అమలాపురం బస్సు ఎల్లిపోతంది" అని మైకులోనే పిలిచేవాడు. అధికారులు రెండుసార్లు మందలించారు, జనం మాత్రం ఆ గొంతు కోసం ఒక బస్సు వదులుకుని మరీ కూర్చునేవారు. అటువంటివాడికి అరవయ్యో ఏట నరాల జబ్బు పట్టుకుంది. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్లు, ఆఖరున గొంతు. ఈ జబ్బులో ఉన్న అన్యాయం ఏమిటంటే కదలిక పోతుంది గాని స్పర్శ పోదు. దోమ కుట్టిన సంగతి తెలుస్తుంది, తోలుకోవడం కుదరదు.

నేను కాకినాడలో ఒక ప్రయోగశాలలో ఇంజనీరుని. అక్క మాణిక్యం కోసం, నిజానికి అంతకన్నా ఎక్కువగా బావ కోసం, ఒక గొంతుపట్టీ తయారుచేశాను. మాట్లాడాలని మనిషి అనుకోగానే, శబ్దం రాకపోయినా, గొంతు కండరాలు సన్నగా అదురుతాయి. పట్టీ ఆ అదురును పట్టుకుని పక్కనున్న చిన్న కంప్యూటరుకు పంపిస్తుంది. అందులోని ప్రోగ్రాం దాన్ని వాక్యంగా మార్చి బావ గొంతుతోనే పలుకుతుంది. గొంతు పూర్తిగా పోకముందు నాలుగేళ్ల పాటు బావ ప్రతి మాటా పట్టీ కట్టుకుని పలికాడు. ఆ ప్రోగ్రాం అలా నేర్చుకుంది. ఇప్పుడు కొత్తది నేర్పుదామంటే మళ్లీ పలికి చూపించాలి, పలకడానికి గొంతు లేదు. ఆ పాత ప్రోగ్రాం ఉన్నంతకాలమే బావకి మాట.

పోయిన వేసవిలో పాత కంప్యూటరు కాలిపోయింది. ప్రయోగశాల నుంచి కొత్తది తెచ్చి పాత ప్రోగ్రాం అందులోకి ఎక్కించాను. ఎక్కింది, నడిచింది. కాని కొత్త యంత్రాలకు పాత ప్రోగ్రాముల మీద నమ్మకం ఉండదు. వాటిలో కాపలా ఒకటి ఉంటుంది. ఈ మధ్యకాలపు ధ్రువీకరణ ముద్ర లేని ప్రోగ్రాం ఏది స్పీకరు దగ్గరకు వచ్చినా అది చెయ్యి అడ్డం పెట్టి అడ్మినిస్ట్రేటరు అనుమతి అడుగుతుంది. ఆ అడ్మినిస్ట్రేటరుని నేనే. నా ఫోనులో పసుపుపచ్చ పెట్టె ఒకటి వచ్చేది. "గుర్తు తెలియని పాత ప్రోగ్రాం స్పీకరును వాడబోతోంది. అనుమతిస్తారా?" దాని కింద బావ అనబోయే వాక్యం. ఆ కింద "అవును", "కాదు". అన్నిటికన్నా అడుగున చిన్న గడి, "ఈ ప్రోగ్రాంకి ఇకమీదట ఇదే జవాబు" అని.

ఆ గడిలో టిక్కు పెట్టి "అవును" నొక్కితే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వైద్య పరికరాల్లో అది పనిచెయ్యదు. అనుమతి ఒక్కసారికే చెల్లుతుంది, నిరాకరణ మాత్రం టిక్కు తీసేదాకా చెల్లుతుంది. దాన్ని రాసినవాళ్ల దృష్టిలో భద్రత అంటే అదే. అసలైన మందు పాత ప్రోగ్రాంకి కొత్త ముద్ర వేయించడం. రెండు వారాలు ఒళ్లు వంచి కూర్చోవలసిన పని. రేపు, ఎల్లుండి అంటూ నాలుగు నెలలు లాగాను. పోనీ అడ్మినిస్ట్రేటరుగా అక్కను పెట్టవచ్చు కదా అంటే, ప్రయోగశాల పాస్‌వర్డు బయటికి ఇవ్వకూడదని సాకు చెప్పుకున్నాను.

నిజం చెప్పాలంటే నాకది బాగుండేది. అన్నం తింటుంటే పెట్టె వచ్చేది, "కాఫీలో పంచదార ఎక్కువయ్యింది" అని. మీటింగులో ఉంటే "ఆ ఫాను తగ్గించవే" అని. రోజుకు రెండువందల సార్లు నొక్కేవాడిని. అరవై కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా అక్కా బావల ఇంట్లో ఏ కూర వండారో, ఎవరు వచ్చి వెళ్లారో నాకు తెలిసేది. బావ దాన్ని కూడా వేళాకోళం చేశాడు. చూడవచ్చిన వాళ్లందరితో, "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారి మా బామ్మర్ది సూరిగాడే" అనేవాడు. ఆ వాక్యానికి అనుమతి ఇచ్చిందీ నేనే.

ఒకసారి కూరలో ఉప్పు గురించి అక్క మీద విసుక్కోబోయాడు. నేను నొక్కకుండా ఒక నిమిషం ఆగాను. ఈలోగా కోపం చల్లారి బావే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. పుణ్యం కట్టుకున్నాననుకున్నాను. తప్పు అక్కడ మొదలైందని అప్పుడు తెలియలేదు.

అక్టోబరులో హైదరాబాదు నుంచి నలుగురు పెద్దలు వచ్చారు. ఈ పట్టీని మరో వందమంది రోగులకు ఇవ్వవచ్చో లేదో తేల్చే సంఘం అది. వాళ్లతో మా ప్రయోగశాల అధిపతి హైమావతి గారు కూడా రావులపాలెం వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని బావ మంచం పక్కన నిలబడి కండరాల గురించీ సంకేతాల గురించీ గంభీరంగా చెబుతున్నాను. జేబులో ఫోను అదిరింది. తీసి చూస్తే, "అయ్యా, ఈ సైంటిస్టు మా పెళ్లి ఊరేగింపులో తోడు పెళ్లికొడుకండి. నా ఒళ్లో కూచుని కొత్త పట్టుపంచె తడిపేసేడు" అని ఉంది.

నాకప్పుడు నాలుగేళ్లు. ఆ కథ దాదాపు నలభై ఏళ్లుగా వింటున్నాను. నా పెళ్లిలో చెప్పాడు, నా కొడుకు బారసాలలో చెప్పాడు. బావాబావమరుదులన్నాక ఎకసెక్కాలు లేకుండా ఎలా ఉంటాయని నేనూ నవ్వేవాడిని. ఆరోజు మాత్రం నవ్వు రాలేదు. "కాదు" నొక్కాను.

స్పీకరు పలకలేదు. పెద్దలు చెవులు రిక్కించి ముందుకు వంగారు. బావ మళ్లీ అదే మాట అనబోయాడు. మళ్లీ "కాదు". మూడోసారి వచ్చేసరికి విసుగెత్తి, వీళ్లు వెళ్లేదాకా పీడ వదులుతుంది కదా అని, ఆ చిన్న గడిలో టిక్కు పెట్టి "కాదు" నొక్కేశాను. పేషెంటు అలసిపోయారని చెప్పి, ముందే తీసిపెట్టుకున్న వీడియో చూపించాను. వాళ్లకు అది బాగా నచ్చింది. బావ నా వంక చూస్తున్నాడు. ఆయన భుజం తట్టి, ఆ పెద్దల కారులోనే మూడు రోజుల సదస్సు కోసం హైదరాబాదు బయలుదేరాను.

దారిలో టిక్కు తీసేద్దామనుకున్నాను. హైమావతి గారు నన్ను పొగుడుతుంటే ఆ మాటల్లో పడ్డాను. తర్వాత మరిచిపోయాను. మరిచిపోయాననడం సగమే నిజం. ఫోను అదరడం లేదన్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ప్రశాంతంగా భోజనం చేశాను.

మర్నాడు పొద్దున అక్క ఫోను చేసింది. బావ నిన్నటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదని, పెద్దల ముందు సరిగా మాట్లాడనివ్వలేదని నా మీద కోపమో, మరి తన మీదే కోపమో తెలియడం లేదని చెప్పింది.

"అలిగేర్రా తమ్ముడూ," అంది.

టిక్కు సంగతి నాకు తట్టలేదు, పకపకా నవ్వాను. మా ఇంట్లో బావ అలక అంటే పెద్ద కథ. పెళ్లిలో అలకపాన్పు మీద కూర్చుని వాచీ వద్దు, ఉంగరం వద్దు, ఊరేగింపులో మైకు నా చేతికివ్వాలి అని సాయంత్రం దాకా బిగుసుకుని కూర్చున్నాడు. ఇచ్చేదాకా కదలలేదు. ఆ తర్వాత కూడా మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఏదో ఒకదానికి అలగడం, మేం బతిమాలడం మామూలే. అల్లుడన్నాక అలగకపోతే మాకూ బాగుండేది కాదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అలిగారా అని అడిగితే తల కొంచెం అడ్డంగా ఊపుతున్నారని అక్క చెప్పింది. ఆయన కదపగలిగింది అంతే.

"అలిగినోడు అలిగేనని ఒప్పుకుంటాడేంటే అక్కా," అన్నాను నేను. "షుగరున్నా ఒక్కసారికి పరవాలేదు, పాలతాలికలు చేసి పెట్టు, బావగారే దిగొస్తారు."

అక్క ఊరట పడి ఫోను పెట్టేసింది. ఆమెకు ఉన్న కాస్త అనుమానాన్నీ నేనే చంపేశాను.

బావకి పిక్కలు పట్టేస్తుంటాయి. కాపడం పెట్టమని డాక్టరు చెప్పారు. అక్క రోజూ సాయంత్రం వేణ్ణీళ్లు పోసిన రబ్బరు సంచి తువ్వాలులో చుట్టి పిక్కల కింద పెడుతుంది. వేడి ఎక్కువైతే బావ చెప్తాడు, ఆమె తీస్తుంది. వాళ్ల పద్ధతి అది. ఆ మొదటి సాయంత్రం తువ్వాలు జారి సంచి ఎడమ పాదానికి ఆనుకుంది. చలిగా ఉందని పాదాలకు మేజోళ్లు తొడిగి, పైన దుప్పటి కప్పి ఉంది. బావ ముఖం చిట్లిస్తున్నాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అక్క ఆ కన్నీళ్లు తుడిచి, ఇంత వయసొచ్చాక ఈ మంకుపట్టేమిటని ముద్దుగా కోప్పడింది. మర్నాడు సాయంత్రం మళ్లీ కాపడం పెట్టింది. మూడోరోజు మధ్యాహ్నం ఒళ్లు తుడుద్దామని మేజోడు లాగితే, దాంతోపాటు చర్మం ఊడి వచ్చింది.

అక్క ఏడుస్తూ ఫోను చేసినప్పుడు నేను సదస్సులో వేదిక మీద ఉన్నాను. "మూడ్రోజుల నుంచీ ఒక్క మాట లేదురా, చెప్పి ఉంటే తీసేద్దును గదా" అన్న వాక్యం వినగానే టిక్కు గుర్తొచ్చింది. బయటికి వచ్చి ఫోను తెరిచాను. టిక్కు అలాగే ఉంది. కాపలా మంచి లెక్కరాయుడు, ఆపిన ప్రతి మాటనీ వేళతో సహా దాచిపెడుతుంది. నిరాకరించినవి నూట నలభై మూడు అని చూపించింది. తెరిచి పైనున్న నాలుగు చదివాను. నాలుగోది, "మాణిక్యం, కాలు కాలతంది, సంచి తియ్యి." ఐదోది కూడా అదే అని కనిపించింది. ఇక చదవలేక మూసేశాను.

టిక్కు తియ్యడానికి ఒక్క క్షణం పట్టింది.

ఆస్పత్రిలో బావ పక్కన అక్క నిలబడి ఉంది. కంప్యూటరు, పట్టీ వెంట తెచ్చుకున్నారు. అప్పటికే అన్నీ సరిగానే ఉన్నాయి, నేను అవునని నొక్కితే బావ మాట్లాడతాడు. కాని నేనేం చేశానో చూడండి. బ్యాగులోంచి స్క్రూడ్రైవరు తీసి, కంప్యూటరు మూత విప్పి, లోపల ఒక తీగను లాగి మళ్లీ దోపి, మూత బిగించాను. తీగ ఒకటి వదులైందని చెప్పాను. అప్పుడు ఫోనులో "అవును" నొక్కాను.

"వచ్చేవా," అన్నాడు బావ. "నువ్వొస్తే గాని అవదని నాకు తెలుసురా."

చక్కెర జబ్బు కూడా ఉండడం వల్ల పుండు మానలేదు. ఎడమ పాదానికి రెండు వేళ్లు తీసేశారు. పది రోజులకు ఇంటికి తెచ్చారు. బావ మామూలుగానే ఉన్నాడు, ఇంకా హుషారుగా ఉన్నాడు. చూడవచ్చిన ప్రతివాళ్లకూ, "డాక్టర్లు పది రోజులు చేసేరు, మా బామ్మర్ది పది నిమిషాల్లో గొంతు తెచ్చేడు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పొగడ్తలన్నీ ముందు నా ఫోనుకే వచ్చేవి. వాటికి నేనే అనుమతి ఇవ్వాలి. ఇచ్చాను. నా బతుకులో అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదనుకున్నాను. అదీ తప్పే, అంతకన్నా పెద్దది నా వెనక జరుగుతోంది.

అక్క బావ కాళ్లు ముట్టుకోవడం మానేసింది. కట్టు మార్చడానికి నర్సును పెట్టింది. అన్నం కలిపి నోటికందించే ముందు నాలుగుసార్లు తన బుగ్గకు ఆనించి వేడి చూసుకునేది. ఒకరోజు నేను వెళ్లేసరికి రాజమండ్రిలో రోగులను చూసుకునే ఆశ్రమం ఒకదాని కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఆదివారం పొద్దున బండి వస్తుందని చెప్పింది. నేను వాదించబోయాను.

"ఆ బల్ల రోజూ తుడిచేది నేనేరా," అంది అక్క. "తీగ నా గుడ్డకే తగులుకుని ఊడుంటది. పైగా ఆయన కాలు మండిపోతంటే అలిగేరని ఎక్కిరించేను. ఇయ్యి మనిషిని చూసుకునే చేతులు కావురా."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. ఈ జబ్బు వచ్చాక ఆరేళ్లుగా ఒక్క పూట కూడా ఆయన్ని విడిచి ఉండలేదు. నేను లేని తీగను ఒకదాన్ని వదులు చేసి ఆమె మెడకు చుట్టాను. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే కొంత నయం. కాదు, బావ చూపుకి భయపడ్డాను.

ఆదివారం తెల్లవారగానే హైమావతి గారికి జరిగినదంతా రాసి పంపించాను. ఆవిడ ఏం చేస్తారో ఆవిడ ఇష్టం. ఎనిమిదింటికి రావులపాలెం చేరాను. అక్క బావ బట్టలు సంచిలో సర్దుతోంది. పక్కన కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే ఉంది.

"అక్కా, తీగ ఊడలేదు," అన్నాను. "అబద్ధం చెప్పేను. బావగారి మాట నేనే ఆపేను. పంచె కథ చెప్పబోతంటే నామర్దా అనిపించి, ఫోనులో ఆపేసేను. మళ్లీ తియ్యలేదు. మూడ్రోజులూ ఆయన మాట్లాడతానే ఉన్నారు. నీ తప్పు ఒక్క ఇసుమంత లేదు."

అక్క చేతిలో చొక్కా మడత పెడుతూ పెడుతూ ఆగింది. నేను బావ వంక చూడలేక నేల చూస్తున్నాను. చేతిలో ఫోను అదిరింది. ఆయన మాట ఆయన నోట వినే ముందు నేను చదవాలి, చదివి ఒప్పుకోవాలి. తిట్టి ఉంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకుని చూశాను. తిట్టలేదు. నొక్కాను.

"ఆ మూడ్రోజుల మాటలూ ఎక్కడున్నాయి?" అన్నాడు బావ.

ఉన్నాయని, ఒక్కటీ పోలేదని చెప్పాను.

"అన్నీ పలికించు. మాణిక్యం ఇనాలి."

ఫోను అక్క చేతికివ్వబోయాను. మళ్లీ అదిరింది. "నువ్వే నొక్కు," అన్నాడు.

జాబితా తెరిచి మొదటి నుంచి మొదలుపెట్టాను. మొదటి మూడూ పంచె కథే. ఆ గంభీరమైన ఇంట్లో, సర్దిన సంచి పక్కన, బావ గొంతు హుషారుగా మూడుసార్లు ఆ కథ చెప్పింది. తర్వాత, "మాణిక్యం, కాలు కాలతంది, సంచి తియ్యి." అది పదకొండుసార్లు ఉంది. పదకొండుసార్లు నొక్కాను. మధ్యలో ఒకసారి అక్క చెవులు మూసుకుంది, మళ్లీ తనే చేతులు తీసేసింది. తర్వాత, "మేజోడు ఇప్పి చూడు." "అలగలేదే పిచ్చిదానా." "పాలతాలికలు బాగున్నాయి, కాలు చూడు." బయట బండి హారను మోగింది. అక్క గుమ్మం దాకా వెళ్లి, ఇక్కడ ఎవరూ రావడం లేదని డ్రైవరుకు చెప్పి తలుపు వేసి వచ్చింది. వచ్చి మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన పాదం ఒళ్లో పెట్టుకుంది.

నేను తర్వాతి పెట్టె చూశాను. రెండోరోజు మధ్యాహ్నం ఒంటిగంటది. నేను ఫోనులో పకపకా నవ్విన రోజే, పాలతాలికలు పెట్టి అక్క మా తమ్ముడి మీద మీకెందుకండీ అంత అలక అని ఆయన్ని అడిగిన వేళ. చదివాను. చదివాక నా వేలు కదల్లేదు. ఈ ఒక్కటీ వదిలేద్దామా అనుకున్నాను. అప్పుడు కూడా అలా అనుకున్నాను చూడండి. బావ కళ్లు నా వేలి మీదే ఉన్నాయి. "అవును" నొక్కాను.

"ఆడి మీద నాకు అలకేంటే," అంది బావ గొంతు. "ఏదో పాడయ్యుంటది. సూరిగాడు కావాలని చెయ్యడు."

అక్క పాదం మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా, "తరవాతది నొక్కు," అంది.